గురి కుదిరే రైఫిల్ కోసం ఒక జీవితం: జోసెఫ్ విట్‌వర్త్

మా సంఘంలో చాలాకాలంగా సభ్యులుగా ఉన్న ఒక కుటుంబంలో అమ్మాయి కాలేజీలో చదువుతూ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటోంది. ఈమధ్య ఆ అమ్మాయి తండ్రి ఒక కేటలాగు పట్టుకుని సంఘం ఆఫీసుకు వచ్చారు. వెయ్యి గజాల దూరంలో ఉన్న లక్ష్యాన్ని కొట్టే విదేశీ రైఫిల్ బొమ్మ అందులో ఉంది. ఇంట్లో ఉన్న బంగారం కుదువ పెట్టడానికి వారు సిద్ధంగా ఉన్నారు. మిగిలిన సొమ్ము సంఘం విద్యానిధి నుంచి అప్పుగా ఇప్పించమని అడిగారు. కమిటీలో మాకెవరికీ తుపాకుల సంగతి తెలియదు. అయినా ఊరికే కాదనడం గానీ, ఊరికే సరేననడం గానీ మంచిది కాదనిపించింది. నెల రోజులు గడువు అడిగి, ఆ విషయం మీద దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాం.

చదివేటప్పుడు మొదట ఎదురైన పేరు చూసి ఆశ్చర్యపోయాం. విట్‌వర్త్. ఉద్యోగం చేసినన్నాళ్లూ వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తాగా మేము లెడ్జర్లలో వేలసార్లు రాసిన పేరు అది. అరంగుళం విట్‌వర్త్ బోల్టు, మూడు ఎనిమిదోవంతుల విట్‌వర్త్ నట్టు అని రాసేవాళ్లం. అది ఒక రకం మరకు పేరనుకున్నామే గానీ ఒక మనిషి పేరని ఏనాడూ అనుకోలేదు. దూరపు గురికి పనికొచ్చే రైఫిల్ ఎలా ఉండాలన్న ప్రశ్నను కొలబద్ద పట్టుకుని మొదటగా పరీక్షించినవారిలో ముఖ్యుడు ఆయనే. ఆయన కథ మన పాఠకులకూ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాం.

మిల్లు నుంచి పారిపోయిన కుర్రవాడు

జోసెఫ్ విట్‌వర్త్ 1803 డిసెంబరు 21న ఇంగ్లండులో మాంచెస్టర్ పక్కనున్న స్టాక్‌పోర్ట్‌లో పుట్టారు. తండ్రి బడిపంతులు, తర్వాత మతబోధకుడు. తల్లి చిన్నతనంలోనే పోయింది. పద్నాలుగేళ్ల వయసులో ఆయనను డెర్బీషైర్‌లో నూలు మిల్లు నడిపే మేనమామ దగ్గర పనిలో పెట్టారు. పని నేర్చుకుని చివరికి మిల్లు వ్యవహారం చూసుకోవాలని పెద్దల ఉద్దేశం. కుర్రవాడి మనసు మాత్రం నూలు మీద లేదు, నూలు వడికే యంత్రాల మీద ఉంది. నాలుగేళ్లు గడిచాక చెప్పాపెట్టకుండా మాంచెస్టర్ వెళ్లిపోయి యంత్రాల షాపుల్లో మామూలు పనివాడిగా చేరారు. సోలాపూరు మిల్లులకూ, బొంబాయి మిల్లులకూ వలస వచ్చిన మన తాతల కథలు విన్నవారికి ఈ కథ కొత్తగా ఉండదు.

1825లో ఫానీ ఆంకర్స్ అనే అమ్మాయిని పెళ్లాడి, తర్వాత లండన్ చేరారు. అప్పట్లో యంత్రాల పనికి పెద్ద బడి లాంటిది హెన్రీ మాడ్స్‌లే కార్ఖానా. అక్కడ చేరారు. ఆ తర్వాత హోల్ట్‌జాఫెల్ దగ్గర, జోసెఫ్ క్లెమెంట్ దగ్గర పనిచేశారు. చార్లెస్ బాబేజ్ తలపెట్టిన లెక్కల యంత్రాన్ని తయారుచేస్తున్నది ఆ క్లెమెంటే. 1833లో మాంచెస్టర్ తిరిగి వచ్చి సొంత షాపు పెట్టారు.

మూడు పలకలు, ఒక మర

ఆయన పేరు నిలబెట్టిన మొదటి పని చదునైన ఇనుప పలక. చదునైన పలక లేకపోతే ఏ కొలతా నమ్మడానికి వీల్లేదు. అప్పటిదాకా రెండు పలకల మధ్య ఇసుక లాంటి గరుకు పొడి వేసి రుద్దేవారు. అలా రుద్దితే ఒకటి కొంచెం గుంటగా, రెండోది కొంచెం ఉబ్బుగా తేలినా ఒకదానిమీద ఒకటి సరిగ్గానే కూర్చుంటాయి, తప్పు బయటపడదు. విట్‌వర్త్ మూడు పలకలు తీసుకున్నారు. ఒకదానికి రంగు పూసి రెండోదానికి ఆనించడం, రంగు అంటిన మిట్టలను చేత్తో గీకడం, తర్వాత మూడోదానితో అలాగే సరిచూడడం. మూడూ ఒకదానికొకటి సరిపోవాలంటే మూడూ చదునుగా ఉండక తప్పదు. ఈ పద్ధతిని 1840లో గ్లాస్గోలో జరిగిన శాస్త్రసభలో వివరించారు.

మరుసటి సంవత్సరం, 1841లో, మరల సంగతి ఎత్తుకున్నారు. అప్పట్లో ఏ షాపు మర ఆ షాపుదే. ఒకచోట చేసిన బోల్టుకు ఇంకోచోట చేసిన నట్టు ఎక్కేది కాదు. ఆయన అనేక షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీసి, 55 డిగ్రీల కోణంతో ఒక పట్టిక తయారుచేశారు. అరంగుళం బోల్టుకు అంగుళానికి 12 మరలు. ఆ పట్టికను బ్రిటిష్ రైల్వేలు తీసుకున్నాయి, వాటి వెనకే అది మన దేశానికీ వచ్చింది. మేము లెడ్జరులో రాసింది ఆ పట్టికే. ఇప్పుడు మిల్లీమీటరు బోల్టులు వచ్చినా, ఈ వ్యాసం చదువుతున్న మీ ఇంట్లో కుళాయి పైపుకున్న మర ఇంకా ఆ 55 డిగ్రీల కుటుంబానిదే.

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఆయన యంత్రాలు పెద్ద ఆకర్షణ. అంగుళంలో పది లక్షల వంతు తేడానూ పట్టగల కొలత యంత్రాన్ని అక్కడ చూపించారు. అప్పటికి తుపాకులతో ఆయనకు సంబంధమే లేదు.

గవర్నర్ జనరల్ అడిగిన పని

1854లో బ్రిటిష్ సర్కారుకు రైఫిళ్లు లక్షల్లో కావలసివచ్చాయి. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తయారీకి యంత్రాలు చేసిపెట్టమని విట్‌వర్త్‌ను అడిగారు. అప్పటి సర్వసేనాని లార్డ్ హార్డింజ్. 1844 నుంచి 1848 దాకా మన దేశానికి గవర్నర్ జనరల్‌గా ఉన్న హార్డింజే ఈయన.

విట్‌వర్త్ వెంటనే ఒప్పుకోలేదు. ఒక గొట్టం బాగా కొడుతుంది, పక్కనే చేసిన ఇంకో గొట్టం కొట్టదు, ఎందుకో తయారీదారులకే తెలియదు. ఎందుకో తెలియనిదానికి యంత్రాలు ఎలా చేయాలన్నది ఆయన అభ్యంతరం. ముందు పరీక్షలు చేయాలన్నారు. హార్డింజ్ మద్దతు ఇచ్చారు. సర్కారు ఖర్చుతో మాంచెస్టర్‌లోని రషోమ్‌లో, విట్‌వర్త్ ఇంటి ఆవరణలో 500 గజాల పొడవున పైకప్పుతో ఒక షెడ్డు కట్టారు. గాలి తగలకుండా ఉండడానికే ఆ పైకప్పు. కట్టిన కొద్దికాలానికే తుఫాను గాలికి అది కూలిపోతే మళ్లీ నిలబెట్టారు. లోపల దారి పొడవునా పల్చటి కాగితపు తెరలు కట్టి కాల్చేవారు. ఏ తెరకు ఎక్కడ చిల్లు పడిందో చూస్తే తూటా దారి మొత్తం తెలిసిపోతుంది.

ఒకసారికి ఒక్క సంగతే మార్చి చూడడం ఆయన పద్ధతి. గొట్టం లోపలి గాడులు ఎంత దూరానికి ఒక చుట్టు తిరగాలి, రంధ్రం ఎంత వెడల్పు ఉండాలి, తూటా ఎంత పొడుగు ఉండాలి అన్నవి ఒక్కొక్కటే మార్చుతూ లెక్క రాసుకున్నారు.

బొంగరం లెక్క

పరీక్షల్లో తేలింది మన పిల్లలకు బొంగరంతో చెప్పవచ్చు. బొంగరం జోరుగా తిరిగినంతసేపు నిలబడుతుంది, జోరు తగ్గితే తూగి పడిపోతుంది. తూటా కూడా అంతే. గొట్టంలోని మెలిక దాన్ని తిప్పి పంపుతుంది. పొట్టి తూటాకు కొంచెం తిప్పు చాలు. కానీ పొట్టిగా లావుగా ఉన్న తూటాను గాలి త్వరగా ఆపేస్తుంది. సన్నగా పొడుగ్గా ఉన్నది గాలిని చీల్చుకుని దూరం పోతుంది, అయితే అది తూగకుండా ఉండాలంటే చాలా ఎక్కువ తిప్పు కావాలి.

ఎన్‌ఫీల్డ్ రంధ్రం 0.577 అంగుళాలు, దాని మెలిక 78 అంగుళాలకు ఒక చుట్టు. విట్‌వర్త్ ఎన్నుకున్నది 0.451 అంగుళాల రంధ్రం, 20 అంగుళాలకు ఒక చుట్టు. తూటా బరువు మాత్రం రెండింటికీ ఒకటే, 530 గ్రెయిన్లు, అంటే దాదాపు 34 గ్రాములు. అంత బరువు సన్నటి రంధ్రంలో పట్టాలంటే తూటా పొడుగ్గా ఉండక తప్పదు. గొట్టం లోపలి భాగాన్ని ఆయన గుండ్రంగా కాక ఆరు పలకలుగా చేయించారు. తూటానూ ఆరు పలకలుగానే చేసి, నట్టులో బోల్టులా సరిపోయేట్టు చూశారు. మరల మనిషి తుపాకీ చేస్తే అది కూడా మరలాగే ఉంటుంది మరి.

1857లో హైథ్‌లోని సైనిక షూటింగ్ బడిలో రెండు రైఫిళ్లకూ పోటీ పెట్టారు. 500 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ తూటాలు తమ గుంపు నడిమికి సగటున 27 అంగుళాల దూరంలో పడితే, విట్‌వర్త్ తూటాలు నాలుగున్నర అంగుళాల దూరంలో పడ్డాయి. 1400 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ లెక్కకే అందలేదు. విట్‌వర్త్ అక్కడ కూడా నాలుగున్నర అడుగుల చిల్లర సగటుతో నిలిచింది.

ఆ 1857 మనకు ఇంకో కారణానికి గుర్తు. మీరట్ సిపాయిలు తిరగబడింది అదే సంవత్సరం. కొవ్వు పూసిన కాగితపు తూటాలు వచ్చింది ఈ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కోసమే.

గెలిచినా తీసుకోలేదు

ఇంత తేడాతో గెలిచిన రైఫిల్‌ను సైన్యం తీసుకోలేదు. హార్డింజ్ 1856లోనే చనిపోయారు, పట్టించుకునే పెద్దదిక్కు లేకుండా పోయింది. అయితే అధికారులది వట్టి మొండితనమని చెప్పలేం. నల్లమందు కాలితే గొట్టంలో మసి పేరుకుంటుంది. గొట్టం మూతి నుంచి తూటా దించే రోజులవి. సన్నటి రంధ్రంలో మసి పేరుకుంటే తూటా దిగదు. పోటీ మైదానంలో ఒక్కో గుండుకూ గొట్టం తుడుచుకోవచ్చు, యుద్ధంలో తుడిచే తీరిక ఎవరికి ఉంటుంది? పైగా ధర ఎన్‌ఫీల్డ్‌కు ఎన్నో రెట్లు.

మాకు ఈ జీవితంలో అన్నిటికన్నా విలువైన పాఠం ఇక్కడే కనిపించింది. ఏది మంచి రైఫిల్ అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఏ పనికి అన్నది ముందు చెప్పాలి. విట్‌వర్త్ ఆ సంగతి మనసారా ఒప్పుకోలేదు. కొలతలో గెలిచినవాడిని కాదనడం ఆయనకు అన్యాయంగా తోచింది. తర్వాత ఫిరంగుల విషయంలో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ఏళ్ల తరబడి పోటీపడి, అక్కడా సర్కారు ఆర్డరు దక్కక చేదు మిగుల్చుకున్నారు. మాట పడని మనిషి, సర్దుకుపోవడం తెలియని మనిషి అని ఆయన జీవితం చూస్తే అర్థమవుతుంది.

రాణి లాగిన పట్టుతాడు

సైన్యం వద్దన్నదాన్ని పోటీ మైదానం నెత్తిన పెట్టుకుంది. 1859లో ఇంగ్లండులో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. 1860 జూలై 2న వింబుల్డన్ మైదానంలో దాని మొదటి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించారు. ఒక ఇనుప స్టాండు మీద విట్‌వర్త్ రైఫిల్‌ను 400 గజాల లక్ష్యానికి గురిచూసి బిగించారు. రాణి ట్రిగ్గరుకు కట్టిన పట్టుతాడు లాగారు. తూటా లక్ష్యం నడిబిందువుకు రెండు అంగుళాల లోపే తగిలింది. సర్కారు కాదన్న రైఫిల్‌కు వేలమంది ఎదుట రాణి చేత అంతకన్నా మంచి జవాబు చెప్పించడం ఎవరికీ సాధ్యం కాదు.

ఆ సంవత్సరం రాణి బహుమతి పోటీలో మొదటి దశ ఎన్‌ఫీల్డ్‌తో. చివరి దశ 800, 900, 1000 గజాల దూరాల్లో విట్‌వర్త్‌తో. ఎడ్వర్డ్ రాస్ అనే కుర్రవాడు గెలిచి 250 పౌండ్లు అందుకున్నాడు. ఈ మూడు దూరాలే తర్వాత దూరపు గురి పోటీలకు ప్రమాణంగా స్థిరపడ్డాయి.

రైఫిల్ ఒకసారి చేతులు మారాక ఎటు పోతుందో చేసినవాడి చేతిలో ఉండదు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం కొద్దిపాటి విట్‌వర్త్ రైఫిళ్లను తెప్పించుకుని, గురి బాగా కుదిరినవారికే ఇచ్చింది. 1864 మే 9న స్పాట్‌సిల్వేనియా దగ్గర ఉత్తరాది సేనాని జాన్ సెడ్జ్‌విక్‌ను దూరం నుంచి కొట్టింది విట్‌వర్త్ తూటాయే అని చాలామంది రాశారు. కాగితపు తెరల మీద తేలిన లెక్కకు ఇది రెండో ముఖం. షూటింగ్‌ను పిల్లలకు ఆటగా నేర్పే ఇళ్లలో ఈ ముఖం గురించి కూడా చెప్పాలని మా అభిప్రాయం.

పోటీల్లో కూడా ఆయన రైఫిల్ శాశ్వతంగా ఏలలేదు. విలియం మెట్‌ఫోర్డ్ అనే ఇంజనీరు గట్టి తూటా, లోతు తక్కువ గాడులతో మసి ఇబ్బందిని తగ్గించారు. ఐర్లండు రిగ్బీ రైఫిళ్లు ముందుకొచ్చాయి. 1874లో న్యూయార్కు దగ్గర క్రీడ్‌మోర్‌లో, మూతి నుంచి నింపే రిగ్బీలతో వచ్చిన ఐరిష్ జట్టును, వెనక నుంచి నింపే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లతో అమెరికా జట్టు 934కు 931 తేడాతో ఓడించింది. ఈలోగా 1871లో బ్రిటిష్ సైన్యం కొత్తగా తీసుకున్న మార్టినీ హెన్రీ రైఫిల్ రంధ్రం 0.450 అంగుళాలు, మెలిక 22 అంగుళాలకు ఒక చుట్టు. పేరు వేరైనా కొలతలు దాదాపు విట్‌వర్త్ షెడ్డులో తేలినవే. వెనక నుంచి నింపే పద్ధతి వచ్చాక పాత అభ్యంతరం బలం తగ్గింది.

వెనక మిగిలింది

1868లో ఆయన ఏటా 3000 పౌండ్లు వచ్చేలా నిధి ఏర్పాటు చేసి, ఒక్కొక్కటి వంద పౌండ్ల చొప్పున ముప్పై విద్యార్థి వేతనాలు పెట్టారు. పుస్తకం చదివితే చాలదు, చేతిపని కూడా రావాలి. చేతిపని వస్తే చాలదు, లెక్క కూడా రావాలి. అదీ షరతు. ఆ వేతనాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. 1869లో బారొనెట్ బిరుదు వచ్చింది. 1874లో తన వ్యాపారాన్ని లిమిటెడ్ కంపెనీగా మార్చి, పనివారికి కూడా వాటాలు కొనుక్కునే వీలు కల్పించారు. మొదటి భార్య పోయాక 1871లో మేరీ లూయిసాను పెళ్లాడారు. సంతానం లేదు. ఆరోగ్యం కోసం వెళ్లిన మాంటె కార్లోలో 1887 జనవరి 22న కన్నుమూశారు. డెర్బీషైర్‌లోని డార్లీ డేల్‌లో సమాధి చేశారు. ఆయన వదిలిన ఆస్తితో మాంచెస్టర్‌లో కళాశాల, పార్కు, ఆసుపత్రి వంటి ఎన్నో పనులు జరిగాయి. విట్‌వర్త్ ఆర్ట్ గ్యాలరీ వాటిలో ఒకటి.

మా కమిటీ తేల్చుకున్నది

ఇంత చదివాక ఆ అమ్మాయినీ, తల్లిదండ్రులనూ పిలిచి కూర్చోబెట్టాం. విట్‌వర్త్ వరుసలోనే అడిగాం. మొదటి ప్రశ్న దూరం. అమ్మాయి ఇప్పుడు కాలుస్తున్నది 50 మీటర్ల పోటీల్లో. ఒలింపిక్ రైఫిల్ పోటీలు 10 మీటర్లు, 50 మీటర్లే. కేటలాగులో ఉన్నది వెయ్యి గజాలది. అంటే 914 మీటర్లు. ఆ రైఫిల్ ఎంత గొప్పదైనా ఈ అమ్మాయి పోటీకి పనికిరాదు. ఈ సంగతి అడిగిన వెంటనే అమ్మాయే చెప్పింది. ఇంట్లో ఎవరూ ఆమెను అడగలేదు, అంతే.

రేపు ఆమె దూరపు పోటీలకే వెళ్తే ఎలా ఎన్నుకోవాలో కూడా మాట్లాడుకున్నాం. పోటీ నియమం ఏ తూటాను ఒప్పుకుంటుందో ముందు చూడాలి. ఉదాహరణకు దూరపు పోటీల్లో ఎఫ్ టీఆర్ అనే తరగతిలో 0.223, 0.308 అనే రెండు రకాలకే అనుమతి, రైఫిల్ బరువు మొత్తం 8.25 కిలోలు దాటకూడదు. తర్వాత తూటా బరువు, పొడుగు. ఆ తూటాకు తగిన మెలిక ఆ తర్వాత. 0.308కి ఇప్పుడు 10 నుంచి 12 అంగుళాలకు ఒక చుట్టు మామూలు. బరువైన తూటాకు బిగువు మెలిక కావాలన్న విట్‌వర్త్ లెక్క మారలేదు. అన్నిటికన్నా చివర చూడాల్సింది పేరు, మెరుగు, ధర. తూటాలు ఎక్కడ, ఎంతకు దొరుకుతాయో తెలియకుండా రైఫిల్ కొనకూడదు. వీటన్నిటికీ ముందు లైసెన్సు చట్టం ఉండనే ఉంది. దానికి ఊళ్లోని రైఫిల్ క్లబ్బునూ, పోలీసు అధికారులనూ అడిగి కాగితాలు సరిచూసుకోవాలి.

బంగారం కుదువ పెట్టవద్దని చెప్పాం. క్లబ్బు రైఫిల్‌తోనే ఇంకో ఏడాది సాధన చేయడానికి, తూటాల ఖర్చుకూ కోచ్ ఫీజుకూ విద్యానిధి నుంచి సాయం మంజూరు చేశాం. కాల్చిన ప్రతి గుండుకూ లెక్క రాయాలని షరతు పెట్టాం. రోజూ గాలి, వెలుతురు, తగిలిన చోటు ఒక నోటుపుస్తకంలో రాయాలి. తండ్రి కొంచెం నిరాశపడ్డారు. అమ్మాయి మాత్రం ఆ సాయంత్రమే పుస్తకం కొనుక్కుంది.

మొదటి మూడు నెలల లెక్క మా దగ్గరికి వచ్చింది. గళ్లు గీసి, తేదీ వారీగా, కొట్టివేతలు లేకుండా రాసింది. ఇన్నాళ్లు లెడ్జర్లు రాసినవాళ్లం, ఆ పుస్తకం చూసి మాకు తృప్తి కలిగింది. రైఫిల్ సంగతి వచ్చే ఏడాది, ఆ పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడతాం.